ఉప్పునీళ్ల వారం

ఆ ఊళ్లో పెట్రోలు బంకుల వాళ్లకీ, కూరగాయల మార్కెట్ వాళ్లకీ, బంగారం కొట్ల వాళ్లకీ ఏ విషయంలోనూ పొత్తు కుదరదు. ఒక్క విషయంలో మాత్రం అందరూ ఏకమయ్యేవాళ్లు. తెల్ల జీపు మలుపు తిరిగిందంటే చాలు, "కొలతలమ్మ వస్తోంది" అని ఒకరికొకరు ఫోన్లు చేసుకునేవాళ్లు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేరిన కొత్తల్లోనే ఆవిడకు ఆ పేరు పడింది. ఇప్పుడు ఆఫీసులో కూడా చాటున ఆ పేరే.

కొలతలమ్మకు మనుషుల మీద కోపం లేదు. నమ్మకం లేదు, అంతే. తక్కెడ కనిపిస్తే ముందు పళ్లెం అడుగున వేళ్లతో తడిమేది, అయస్కాంతం ఏమైనా అతికించారేమోనని. బంకుకు వెళితే తన వెంట తెచ్చుకున్న ముద్ర వేసిన డబ్బాలోకి పెట్రోలు పట్టించి, డబ్బా మెడ దగ్గరున్న గీతను కళ్లు చికిలించి చూసేది. అంకెలు గిర్రున తిరిగే తెర వైపు మాత్రం కన్నెత్తి కూడా చూసేది కాదు.

"తెర మీద అంకె ఎవడైనా వేస్తాడు. డబ్బాలో ఎంత పడిందో అది చెప్పు" అనేది జీపు డ్రైవరుతో. "చేత్తో కొలిచే మనిషి మోసం చేస్తే మొహం పట్టిస్తుంది. పంపుకు మొహమేదీ?"

సరిగ్గా అలాంటి మనిషితో డాక్టరు, "మీరిక ఇన్సులిన్ పంపు గురించి ఆలోచించండమ్మా" అన్నాడు.

ఆవిడకు ఆరో తరగతిలో ఉండగా వచ్చింది టైప్ వన్ షుగరు. ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే ఆగిపోయింది కాబట్టి బయటి నుంచి పొడుచుకోవడం తప్ప వేరే దారి లేదు. భోజనం చేసిన ప్రతిసారీ ఒక ఇంజెక్షను, రోజంతా నెమ్మదిగా పనిచేసేది ఇంకొకటి. తిండి తూచి తినేది. మందు గీత దాటనిచ్చేది కాదు. అయినా షుగరు మాత్రం మాట వినేది కాదు. అదే తిండి, అదే మందు, అదే మోతాదు. ఒకరోజు ఆకాశానికి ఎగబాకేది, ఇంకో రోజు పాతాళానికి జారేది. కొన్నాళ్ల కిందట లారీలు తూచే కాటా దగ్గర కళ్లు తిరిగి కూలబడితే డ్రైవరే పట్టుకున్నాడు.

దీనికి కారణం ఎవరై ఉంటారని ఆవిడ చాలామందిని అనుమానించింది. మొదట మందుల షాపాయన మీద పడింది. ఇన్సులిన్ చల్లగా ఉంచకుండా కరెంటు ఆదా చేస్తున్నాడేమోనని చెప్పాపెట్టకుండా వెళ్లి ఆయన ఫ్రిజ్‌లో థర్మామీటరు పెట్టింది. ఫ్రిజ్ నిక్షేపంలా ఉంది. అయినా ఆయన మొహంలో ఏదో తేడా కనిపించిందని షాపు మార్చేసింది. తర్వాత షుగరు చూసుకునే మీటరును అనుమానించి ఇంకోటి కొంది. రెండూ ఒకే మాట చెప్పేసరికి, రెండూ ఒకే తాను ముక్కలని తేల్చేసింది.

ఇప్పుడు డాక్టరు పంపు అంటున్నాడు. పక్కన కూర్చున్న భర్త, బళ్లో డ్రాయింగు మాస్టారు, "అదేదో బాగానే ఉంటుందేమో" అని వెంటనే తలూపాడు. అంత వెంటనే ఎందుకు ఊపాడా అని ఆవిడ ఆ తల వైపు ఓరగా చూసింది.

డాక్టరు వాళ్లను షుగరు రోగులను చూసే నర్సు గదికి పంపించాడు. నర్సు నడివయసు మనిషి, మాటకు ముందే నవ్వేది. అందరూ ఆమెను సిస్టర్ అనే పిలుస్తారు. సిస్టర్ సొరుగులోంచి అగ్గిపెట్టెకు అన్నలా ఉన్న ఒక పెట్టె తీసి టేబుల్ మీద పెట్టింది. దాని నుంచి సన్నటి గొట్టం, ఆ గొట్టం చివర చర్మం కింద దూరే మెత్తటి చిన్న నాళం, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టరు.

"ఇందులో ఇన్సులిన్ నింపుతాం. రోజంతా బొట్టు బొట్టుగా వెళ్తుంటుంది. అన్నం తినేటప్పుడు మీరు బటన్ నొక్కితే అప్పటికి కావాల్సింది వెళ్తుంది. రెండు మూడు రోజులకోసారి గొట్టం మార్చుకుంటే సరి."

"గొట్టం మూసుకుపోతే?" అంది కొలతలమ్మ.

"కూస్తుంది."

"వెంటనేనా?"

"వెంటనే కాదమ్మా. ఒక్కోసారి బాగా ఆలస్యమవుతుంది. నాళం ఊడి మందు బయటికి కారిపోతుంటే అసలు కూయదు. ఆలోగా షుగరు పెరిగిపోతుంది. అందుకే పంపున్నా సరే, సిరంజి ఎప్పుడూ సంచిలో ఉండాల్సిందే."

ఇంకెవరైనా అయితే, ఇంత సూటిగా చెప్పిందే అని మెచ్చుకునేవాళ్లు. కొలతలమ్మ మాత్రం కాస్త వెనక్కి జరిగి కూర్చుంది. చిన్న లోపం తనంతట తానే ఒప్పుకుని పెద్ద లోపం దాచేసే వ్యాపారులను ఆవిడ ఎందరిని చూడలేదు? పైగా సిస్టర్ చేతిలో పెన్ను మీద పంపు కంపెనీ బొమ్మే ఉంది.

ఆ లోపు మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "దీనికి షుగరు చూసే సెన్సరు కూడా ఉంటుందంటగా, ఒంటికి అతికించేది. ఆవిడ షుగరెంతో నా ఫోన్లో కూడా కనిపిస్తుందా?"

"కనిపించేలా పెట్టుకోవచ్చు" అంది సిస్టర్.

ఓహో, అనుకుంది ఆవిడ మనసులో. ఇందుకన్నమాట ఆ తల ఊపడం.

సిస్టరే ఒక దారి చూపించింది. "కొనే ముందు ఒక వారం పెట్టుకుని చూడండి. ఇన్సులిన్ పోయం, ఉత్త ఉప్పునీళ్లు పోస్తాం. ఒంటి మీద ఉంటే ఎలా ఉంటుందో మీకు తెలుస్తుంది. మీ ఇంజెక్షన్లు మీరు మామూలుగానే చేసుకోండి."

ఉచితంగా ఇచ్చేది ఏదైనా సరే పట్టి చూడాల్సిందే కాబట్టి కొలతలమ్మ ఒప్పుకుంది. ఎక్కడ పెట్టమంటారని సిస్టర్ అడిగితే యూనిఫాం చొక్కా కొద్దిగా పైకి లేపి, బొడ్డుకు ఎడమ పక్కన అరచేతి మేర చోటు చూపించింది. "ఇక్కడే. ఇక్కడ నాకు నొప్పి తెలీదు." సిస్టర్ పొట్ట మీద చెయ్యి వేయబోతే, "నా పొట్ట సంగతి నాకు తెలుసు, మీరు కానివ్వండి" అని ఆపేసింది. బయట వరండాలో జనం ఉన్నారు. సిస్టర్ ఇంకేమీ అనకుండా నాళం గుచ్చి, ప్లాస్టరు వేసి, "ఈ వారం దీని దగ్గర్లో ఇంజెక్షన్ చేసుకోకండి. తొడకు చేసుకోండి" అని చెప్పి పంపింది.

మొదటి రోజు ఏమీ కాలేదు. పంపును నడుము బెల్టుకు తగిలించుకుని తిరిగింది, అప్పుడప్పుడూ కసురుకున్నట్టు దాని వైపు చూసుకుంటూ. మర్నాడు మార్కెట్లో ఒక ఉల్లిపాయల కొట్టు ముందు నిలబడి తూకం రాళ్లు చూస్తుంటే రాళ్ల మీది ముద్రలు ఒకదాంట్లోకి ఒకటి జారిపోయాయి. మెడ వెనక చెమట పట్టింది. చేతులు వణికాయి. కొట్టువాడు, తన నేరం బయటపడి ఆవిడ ఆగ్రహంతో వణికిపోతోందనుకుని, అడక్కుండానే తప్పు ఒప్పేసుకున్నాడు. డ్రైవరు పరిగెత్తుకొచ్చి గ్లూకోజు బిళ్లలు నోట్లో వేశాడు. వేలు గుచ్చి చూసుకుంటే షుగరు బాగా పడిపోయి ఉంది.

ఆ తర్వాతి రోజు మళ్లీ పడిపోయింది. ఈసారి ఆఫీసులో, ఫైలు మీద సంతకం చేస్తుండగా.

తిండి తగ్గించలేదు. మందు పెంచలేదు. కొత్తగా వచ్చింది ఒక్కటే, నడుముకు వేలాడుతున్న ఆ పెట్టె. అందులో ఉన్నవి ఉప్పునీళ్లేనని ఎవరు చూశారు? పోసింది సిస్టర్. ఉప్పునీళ్లని చెప్పి ఇన్సులినే ఎందుకు పోసి ఉంటుంది అన్నది కూడా ఆవిడకు తట్టింది. ఇంజెక్షన్లు చేసుకుంటూ ఇలా రోజూ పడిపోతుంటే భయపడి పంపే దిక్కనుకుంటుంది కదా అని! బంకుల వాళ్లకు కూడా ఇంత తెలివి రాలేదు.

అదే అనుకుంటుంటే ఇంట్లో మాస్టారి వరస కూడా మారింది. బడి నుంచి రాగానే చొక్కా విప్పి బనీనుతో తిరిగే మనిషి, చొక్కాతోనే కూర్చుంటున్నాడు. ఆయన పొట్ట దగ్గర అంటిన రంగు మరక దులపబోతే ఉలిక్కిపడి పక్కకు తప్పుకున్నాడు. స్నానానికి వెళితే గంటకు గానీ బయటికి రావడం లేదు. సాయంత్రం ఆవిడ చెప్పులు విప్పుకుంటుంటే వంటింట్లోంచి మెల్లగా మాట వినిపించింది.

"లేదు సిస్టర్, ఆవిడకి చెప్పలేదు. చెప్తే ఒప్పుకోదు. మీరు కూడా అనకండి."

కొలతలమ్మ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఆవిడకు చెప్పకుండా చేసిన అతి పెద్ద పని, ఒకసారి గోడకు రంగు మార్చడం. అలాంటి మనిషి సిస్టర్‌తో కలిశాడు. నేరుగా అడిగేస్తే బుకాయిస్తాడు. సాక్ష్యం ఉండాలి.

మర్నాడు అందరికంటే ముందే ఆఫీసుకు వెళ్లి పరీక్షల గది తలుపు వేసుకుంది. బంగారం తూచే సున్నితపు త్రాసు అక్కడుంది. ముందు పంపు లోపలి చిన్న సీసా బయటికి తీసి వాసన చూసింది. ఇన్సులిన్‌కు ఆసుపత్రి నేల తుడిచే మందులాంటి ఘాటు వాసన ఉంటుంది. కళ్లు మూసినా పట్టేయగలదు ఆవిడ. దీనికి ఏ వాసనా లేదు. ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. ఉప్పగా ఉంది. వాసన రాని ఇన్సులిన్ కూడా ఏదైనా వచ్చిందేమోనని కాసేపు ఆలోచించి, మరీ అంతదూరం పోనక్కర్లేదని తనకు తానే సర్దిచెప్పుకుంది.

అప్పుడు గొట్టం చివర త్రాసు మీద పెట్టి, బటన్ నొక్కి బొట్లు తూచింది. చెప్పినంతా పడింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే. పెద్ద మోతాదుకు, చిన్న మోతాదుకు, గొట్టం పైకెత్తి, కిందికి దించి అన్ని రకాలుగా చూసింది. ఎక్కడా తేడా లేదు. ఉద్యోగంలో చేరిన తర్వాత నిజాయితీగా కొలిచిన పంపును చూసి ఆవిడకు అంత చిరాకు ఎప్పుడూ రాలేదు.

పంపు తప్పు చేయలేదు. మరి తప్పు చేసిందెవరు? ఇంట్లో ఇన్సులిన్ సీసాలో మందు మార్చారా? ఆ ఆలోచన వచ్చినందుకు ఆవిడకే సిగ్గేసింది. కానీ వచ్చిన ఆలోచన అయితే పోలేదు.

ఆ వారం ఇంకా పూర్తి కాకుండానే మాస్టారిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. సిస్టర్ గదిలో పంపు తీసి టేబుల్ మీద పెట్టింది.

"ఇందులో ఉన్నవి ఉప్పునీళ్లే. నేనే తేల్చాను. బొట్టు బొట్టూ తూచాను, సరిగ్గానే ఉంది. కానీ దీన్ని పెట్టుకున్న మర్నాటి నుంచి నా షుగరు పడిపోతోంది. మీరూ ఈయనా కలిసి నాకు చెప్పకుండా ఏం చేస్తున్నారో ఇప్పుడు చెప్పండి."

మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "పడిపోతోందా? నాకెందుకు చెప్పలేదు?"

"ముందు నా ప్రశ్నకు జవాబు చెప్పండి."

సిస్టర్ ఆయన వైపు తిరిగింది. "ఇంకెందుకు మాస్టారూ, చూపించేయండి."

ఆయన తలొంచుకుని చొక్కా పైకి లేపాడు. ఆయన పొట్ట మీద, అచ్చం ఆవిడకు వేసినట్టే, ఒక ప్లాస్టరు. దాని నుంచి సన్నటి గొట్టం, ప్యాంటు జేబులో పాత పంపు ఒకటి.

"ఇందులో కూడా ఉప్పునీళ్లే" అన్నాడు. "నాకూ ఒకటి పెట్టమని సిస్టర్‌ని నేనే బతిమాలాను. పెట్టుకో పెట్టుకో అని తలూపడం తేలికే కదా. పెట్టుకుంటే ఎట్లా ఉంటుందో నాకూ తెలియాలి అనిపించింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమంటావు? నన్ను ఒప్పించడానికి నాటకం అంటావు."

"ఇప్పుడూ అంటాను" అంది ఆవిడ. కానీ గొంతులో మునుపటి పదును లేదు.

"అను. ఒకటి మాత్రం నిజం, దురద పెడుతోంది. నిన్న తలుపు గడియకు గొట్టం తగులుకుని ప్రాణం పోయినంత పనైంది. సిస్టర్ ఈ సంగతులేవీ నీకు చెప్పలేదు చూడు."

"నన్నెవరూ అడగలేదు" అంది సిస్టర్.

"ఫోన్లో నా షుగరు చూడాలన్నారు, అదెందుకు?"

మాస్టారు చొక్కా సర్దుకున్నాడు. "నువ్వు అలిసిపోయి గుమ్మంలోకి రాగానే షుగరెంత అని అడుగుతాను. అడిగినప్పుడల్లా నీ మొహం ఎట్లా మాడిపోతుందో నాకు తెలుసు. అడగకుండా తెలిస్తే బాగుండుననుకున్నా. నీకిష్టం లేకపోతే వద్దు."

కొలతలమ్మ ఆ మాట నిజమా కాదా అని ఆయన మొహంలోకి చూసింది, అలవాటు కొద్దీ. తర్వాత ఆయన ప్లాస్టరు అంచు లేచిపోయి ఉండటం గమనించి వేలితో నొక్కి అతికించింది.

సిస్టర్ మాత్రం ఇంకేదో ఆలోచిస్తోంది. "అమ్మా, ఈ వారం ఇంజెక్షన్లు ఎక్కడ చేసుకుంటున్నారు?"

"తొడకు. మీరే కదా చెప్పారు."

"అంతకుముందు?"

"చెప్పాను కదా, ఇక్కడ."

"ఎప్పుడూ ఇక్కడేనా?"

"చిన్నప్పుడు మా అక్క కనిపెట్టింది ఈ చోటు. ఇక్కడ పొడిస్తే ఏడ్చేదాన్ని కాదు. అప్పట్నుంచీ ఇక్కడే."

ఈసారి సిస్టర్ చెయ్యి వేస్తే ఆవిడ ఆపలేదు. సిస్టర్ వేళ్లతో ఆ చోటును నెమ్మదిగా నొక్కుతూ పోయింది. తర్వాత కొలతలమ్మ వేళ్లనే పట్టుకుని అక్కడ పెట్టింది. "చూడండి. ఇక్కడ రబ్బరు ముక్కలా గట్టిగా ఉంది, తెలుస్తోందా? ఇప్పుడు ఈ పక్కన నొక్కి చూడండి. ఎంత మెత్తగా ఉందో."

తెలిసింది. పళ్లేల అడుగున అయస్కాంతాలను వెతికిన వేళ్లు అవి. తన పొట్ట మీద మాత్రం ఎప్పుడూ వెతకలేదు.

"ఒకే చోట ఏళ్ల తరబడి పొడుచుకుంటే కొవ్వు ఇలా గడ్డ కడుతుంది. నొప్పి తెలియదు. అందుకే మళ్లీ మళ్లీ అక్కడే చేసుకోబుద్ధవుతుంది. కానీ అక్కడ మందు సరిగా ఒంటికి పట్టదు. ఒకరోజు సగం పడుతుంది, ఇంకో రోజు మొత్తం పడుతుంది, ఎప్పుడు ఎంతనేది చెప్పలేం. అది చాలక మీరు మోతాదు పెంచుకుంటూ వచ్చి ఉంటారు. ఈ వారం అదే మోతాదు మంచి చోట చేసుకున్నారు. మొత్తం పట్టేసింది. పడిపోకేం చేస్తుంది?" సిస్టర్ నవ్వు లేకుండా అంది. "మొదటి రోజే నేను తడిమి చూడాల్సింది. మీరు వద్దన్నారని వదిలేశాను. తప్పు నాదే."

కొలతలమ్మ చాలాసేపు ఆ గడ్డ మీద నుంచి చెయ్యి తీయలేదు. లోకంలో తను అనుమానించని చోటంటూ ఏదైనా ఉందంటే ఇదొక్కటే. తప్పుడు తూకం ఇన్నేళ్లూ తన ఒంటి మీదే ఉంది. ఏడుపు రాలేదు గానీ, నమ్మకంగా పనిచేసిన మనిషి దొంగని తెలిసినప్పటిలా, ఏదో ఖాళీగా అనిపించింది.

"అయితే ఇప్పుడు నాకు పంపు కావాలా, అక్కర్లేదా?" అంది చివరికి.

"ఈ రోజైతే కావాలని చెప్పలేను. డాక్టరుగారితో మాట్లాడి మోతాదు తగ్గిద్దాం. రోజుకో చోటు మారుస్తూ చేసుకోండి. కొన్నాళ్లు చూద్దాం. పంపు పెట్టినా ఇదే బాధ, చోటు మార్చకపోతే దాని దగ్గరా గడ్డ కడుతుంది."

అమ్మాల్సిన మనిషి వద్దంటోంది. కొలతలమ్మ ఉండబట్టలేక అడిగేసింది. "మరి ఆ పెన్ను?"

సిస్టర్ పెన్ను వైపు చూసుకుని, మొదటిసారి చూసినట్టు తిప్పి చూసింది. "ఇదా? ఎవరో ఇచ్చి వెళ్లారు. మా ఆఫీసు పెన్నులు రాయవమ్మా."

ఆ తర్వాత కొన్ని నెలలు కొలతలమ్మ పాత చోటును ముట్టుకోలేదు. కొత్త చోట్లు నొప్పెట్టేవి. పొడుచుకున్నప్పుడల్లా పళ్లు బిగబట్టేది. కానీ షుగరు దారికొచ్చింది. ఒకరోజు పాత మందుల షాపుకు వెళ్లింది. షాపాయన ఆవిడను చూడగానే ఫ్రిజ్ తలుపు తానే బార్లా తెరిచి పక్కన నిలబడ్డాడు. క్షమించమని అడగాలనే వెళ్లింది పాపం. తీరా వెళ్లాక "మీ ఫ్రిజ్ బాగుంటుంది" అని మాత్రం అని, ఇన్సులిన్ కొనుక్కుని వచ్చేసింది. ఆ మాటకు అర్థమేమిటోనని ఆయన ఎంత కంగారుపడ్డాడో.

షుగరు దారికొచ్చినా ఒక సంగతి మాత్రం మిగిలిపోయింది. మార్కెట్లో ఎండకు తిరిగిన రోజు ఇంకా పడిపోతూనే ఉంది. పొద్దున పొడుచుకున్న మందు రోజంతా పనిచేస్తుంది, తిరుగుడు ఎక్కువైందని దాన్ని వెనక్కి లాగలేం. పంపయితే బయల్దేరే ముందే తగ్గించుకోవచ్చు, కావాలంటే ఆపొచ్చు. ఈ కారణం డాక్టరు చెప్పలేదు, సిస్టర్ చెప్పలేదు, మాస్టారూ చెప్పలేదు. తనకే తట్టింది కాబట్టి నమ్మబుద్ధయింది.

సిస్టర్ దగ్గరికి వెళ్లి కూర్చుంది. "ఇది ఎట్లా పనిచేస్తుందో చెప్పొద్దు. ఎన్ని రకాలుగా చెడిపోతుందో మొత్తం చెప్పండి."

సిస్టర్ ఆ మధ్యాహ్నమంతా చెప్పింది. కొలతలమ్మ విన్నది, అడ్డు ప్రశ్నలు వేసింది, పంపు పెట్టించుకుంది. మాస్టారి ఫోన్లో షుగరు కనిపించే ఏర్పాటు కూడా చేయించింది, ఆయన ఆ అంకె చూసి నోరు తెరిచి ఏమీ అనకూడదన్న షరతు మీద.

ఇప్పుడు అందులో ఉన్నవి ఉప్పునీళ్లు కావు.

పెట్టుకున్న కొద్ది రోజులకు, ఒక సెలవు నాడు, భోజనానికి ముందు, సెన్సరు అంకె ఒక్కటే నమ్మక, వేలు గుచ్చి చూసుకుంటే షుగరు ఎక్కువగా ఉంది. పంపుతో మోతాదు తీసుకుంది. కాసేపాగి చూస్తే ఇంకా పెరిగింది. పంపు తెర మీద మాత్రం ఇవ్వాల్సింది ఇచ్చేశానని చక్కగా రాసి ఉంది. కూత లేదు, గీత లేదు. మాస్టారు ఫోను చేతిలో పట్టుకుని, షరతు గుర్తొచ్చి, పెదాలు బిగించుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

కొలతలమ్మ ప్లాస్టరు పీకేసింది. లోపలి నాళం మధ్యకు మడతపడి ఉంది. ఒక్క బొట్టు కూడా లోపలికి పోలేదు. ఆవిడ తొందరపడకుండా సంచిలోంచి సిరంజి తీసి, సిస్టర్ నేర్పినట్టే మందు పొడుచుకుని, పొట్టకు కుడి పక్కన కొత్త నాళం పెట్టుకుంది.

మాస్టారు ఇక ఆగలేకపోయాడు. "వద్దులే, తీసేయించేద్దాం ఈ దరిద్రాన్ని. కూయను కూడా కూయలేదు!"

"కూయదని సిస్టర్ ముందే చెప్పింది."

"చెప్తే మాత్రం? రేపు నువ్వు చూసుకోకపోతే?"

"నేను చూసుకోకుండా ఉంటానా?" అంది ఆవిడ. ఆ మాట అంటుంటే తనకే నవ్వొచ్చింది. "నమ్మి ఊరుకునే వాళ్లకైతే కష్టమే గానీ, నాకేం ఫర్వాలేదు."

షుగరు దిగేదాకా ఇద్దరూ భోజనానికి కూర్చోలేదు. ముందు మీరు తినండని ఆవిడ అన్నా ఆయన వినలేదు, వంటలు రెండోసారి వేడిచేసి మూతలు పెట్టాడు. వేలు గుచ్చి చూస్తే అంకె తగ్గడం మొదలైంది. ఇంకాసేపటికి ఇంకా తగ్గింది. కంచాలు పెట్టుకుని మొదటి ముద్ద కలుపుతుండగా పంపు గట్టిగా కూసింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆవిడ ఎడమ చేత్తో దాన్ని తిప్పి చూసింది.

"బ్యాటరీ తగ్గిందట."

"నిజంగా తగ్గిందో లేదో చూడు ముందు" అన్నాడు మాస్టారు.

ఆవిడ బ్యాటరీ తీసి చూసింది. నిజంగానే తగ్గింది.